అపూ అంగడిలో మొద్దుబారిన కత్తి

‘ది సింప్సన్స్’ పదును పోయిందన్న ఫిర్యాదు కొత్తది కాదు. 1989 డిసెంబరు 17న మొదలైన ఈ అమెరికన్ యానిమేషన్ హాస్య ధారావాహిక మూడున్నర దశాబ్దాలు దాటినా నడుస్తూనే ఉంది. 2004లో వచ్చిన క్రిస్ టర్నర్ పుస్తకం ‘ప్లానెట్ సింప్సన్’ అప్పటికే దాని స్వర్ణయుగాన్ని గడిచిన కాలంగా లెక్కగట్టింది. ఫిర్యాదులో నిజముంది. అబద్ధమల్లా ఇప్పుడు దానికి చెబుతున్న కారణమే. జనానికి సున్నితత్వం పెరిగిపోయిందట, ఎవరినీ ఏమీ అనకూడని రోజులొచ్చాయట, అందుకే వ్యంగ్యం చచ్చిపోయిందట. ఈ వాదనను నమ్మేవాళ్లు కత్తి మొనకూ పిడికీ తేడా మరిచిపోయారు.

ఆ ధారావాహికకు పదును ఎక్కడిదో దాని తొలి భాగమే చెబుతుంది. అణు విద్యుత్ కేంద్రం యజమాని పండుగ బోనస్ ఎగ్గొడతాడు. పిల్లలకు కానుకలు కొనడానికి హోమర్ అంగట్లో శాంతాక్లాజ్ వేషం కడతాడు. అక్కడ నవ్వంతా యజమాని వైపు గురిపెట్టిన నవ్వు. 1997 మేలో వచ్చిన ‘హోమర్స్ ఎనిమీ’లో ఆ పదును తారస్థాయికి చేరింది. ఫ్రాంక్ గ్రైమ్స్ అనే కష్టజీవి జీవితమంతా శ్రమించి సంపాదించుకున్నది రెండు బౌలింగ్ ఆటశాలల మధ్య ఇరుక్కున్న ఒక గది. పనిచేయని హోమర్‌కు మాత్రం ఇల్లూ కుటుంబమూ ఉన్నాయి. ఆ అన్యాయం భరించలేక గ్రైమ్స్ మతి చలించి చనిపోతాడు. అంత్యక్రియల వేళ కునుకుతీస్తున్న హోమర్ కలవరింతకు ఊరంతా నవ్వుతుంది. కువైట్‌లో ఒక గదిలో ఆరుగురితో కలిసి బతుకుతూ ఊళ్లో ఇల్లు కట్టుకుంటున్న కడప మనిషికి ఈ గ్రైమ్స్ ఎవరో ఎవరూ వివరించి చెప్పనక్కర్లేదు.

ఈ నవ్వు గల్ఫ్‌కు వచ్చిన తీరు కూడా గమనించదగ్గది. 2005 రంజాన్‌లో ఎంబీసీ ఛానల్ ‘అల్ షంషూన్’ పేరుతో దానిని అరబ్బీలోకి మార్చింది. హోమర్ ఉమర్ అయ్యాడు. బీరు శీతల పానీయమైంది. 52 భాగాలు తలపెట్టి 34తోనే ఆపేశారు. బీరు పోయినందువల్లే అది చప్పబడలేదు. తీసేసిన దాని చోట అరబ్బు సమాజపు సొంత పాపమేదీ పెట్టకపోవడం వల్ల చప్పబడింది. అంతకు ముందే కువైట్ టెలివిజన్‌లో వచ్చిన ‘ఖిత్అ 13’ ఇందుకు భిన్నమైన దారి పట్టింది. అమెరికన్ ‘సౌత్ పార్క్’ అచ్చునే తీసుకుని, అందులోని బూతు వదిలేసి, కువైటీ పిల్లలను వాళ్ల వీధిలోనే నిలబెట్టింది. కువైట్‌లో చిరునామా అంటే ప్రాంతమూ, ఖిత్అ సంఖ్యే. పేరులోనే ఊరుంది. బూతు లేకపోయినా వ్యంగ్యం బతుకుతుంది, చిరునామా లేకపోతే బతకదు.

ఇక అపూ సంగతి. 1990 నుంచి ఆ కార్టూన్‌లో కనిపించే భారతీయ దుకాణదారు అతడు. కంప్యూటర్ శాస్త్రంలో డాక్టరేట్ ఉన్నవాడు, ఎనిమిదిమంది బిడ్డల తండ్రి. నవ్వించేది మాత్రం అతడి యాస. ఆ యాస పలికింది హాంక్ అజారియా అనే శ్వేతజాతి నటుడు. తెలుగు మూలాలున్న అమెరికన్ హాస్యనటుడు హరి కొండబోలు 2017 నవంబరులో ‘ది ప్రాబ్లమ్ విత్ అపూ’ అనే డాక్యుమెంటరీ తీసి అడిగింది ఇదే: ఎవరి నవ్వుకోసం ఎవరి గొంతు? అతడు ఆ ధారావాహికను చూస్తూ పెరిగినవాడు. అపూను చంపమనలేదు, ఎదగనివ్వమన్నాడు.

2018 ఏప్రిల్‌లో ధారావాహిక జవాబిచ్చింది. తెలివైన పాత్రగా, అన్యాయాన్ని ఊరుకోని పాత్రగా పేరున్న లీసా ప్రేక్షకుల వైపు తిరిగి, ఒకప్పుడు చప్పట్లు కొట్టించుకున్నది ఇప్పుడు తప్పయితే ఏం చేయగలమన్నట్టు నిట్టూర్చింది. పక్కనే అపూ చిత్రపటం. పదును పోయిన క్షణమేదో చూపించమంటే చూపించాల్సింది దీనినే. అందరినీ ప్రశ్నించిన కార్టూన్, తనను ప్రశ్నించగానే భుజాలెగరేసింది. బోనస్ ఎగ్గొట్టిన యజమాని కూడా అలాగే భుజాలెగరేసి ఉంటాడు.

మారిన కాలానికి వ్యంగ్యకారుడి సమాధానం నిట్టూర్పు కాదు, తిరగరాత. గురజాడ 1897లో అచ్చయిన ‘కన్యాశుల్కం’తో తృప్తిపడి కూర్చోలేదు. 1909 కూర్పు నాటికి దానిని దాదాపు కొత్త నాటకంగా మలిచారు. ఈనాటికీ గిరీశం నవ్విస్తున్నాడంటే, ఆ నవ్వు గిరీశం దగ్గర ఆగిపోకుండా ముసలి పెళ్లికొడుకుల మీదికీ, పిల్లను అమ్ముకునే తండ్రుల మీదికీ పోతున్నందువల్లనే.

ఆ ధారావాహికలో అందరూ వికృత చిత్రాలే, అపూ ఒక్కడికే ఏమిటీ రక్షణ అని అడిగేవాళ్లున్నారు. ప్రశ్న బలమైనదే. అయితే తెర మీద హోమర్ లాంటి తెల్లవాళ్లు వందమంది ఉన్నారు, ఒకడు మూర్ఖుడైతే ఇంకొకడు మేధావి. చాలాకాలం అమెరికన్ ఇళ్లకు తెలిసిన భారతీయుడు అపూ ఒక్కడే. గల్ఫ్ హాస్య ధారావాహికల్లోనూ విరిగిన అరబ్బీ మాట్లాడే ఆసియా పనిమనిషి, బకాలా కుర్రాడు పాత సరుకే. ఆ నవ్వులో తెగువ ఎక్కడుంది? వీసా కాగితం యజమాని చేతిలో ఉన్నవాడిని ఎగతాళి చేయడానికి ధైర్యం అవసరం లేదు. తెలుగు సినిమాల్లో పల్లె యాసనూ, పక్క రాష్ట్రపు యాసనూ చూసి నవ్వేవాళ్లు కూడా ఈ లెక్కలోకే వస్తారు. బాధితుడి స్థానంలో నిలబడినప్పుడు కొండబోలుకు చప్పట్లు కొట్టి, ఇంటికి రాగానే అదే నవ్వు నవ్వడం కుదరదు.

2020లో అజారియా ఆ గొంతు వదిలేశాడు. శ్వేతజాతి నటులు ఇతర జాతుల పాత్రలకు గొంతివ్వరని నిర్మాతలు ప్రకటించారు. అపూ మాటలేని బొమ్మగా మిగిలిపోయాడు. సున్నితత్వం వ్యంగ్యాన్ని చంపిందనేవాళ్లకు ఈ మౌనమే సాక్ష్యంగా కనిపిస్తుంది. నిజానికి అది అడిగిన పని చేయలేక చేతులెత్తేసిన మౌనం. గ్రైమ్స్‌కు ఒక గదినీ, ఒక కోపాన్నీ, ఒక చావునూ ఇవ్వగలిగిన రచయితలు, ముప్పయ్యేళ్లు కొట్టు తెరిచి ఉంచిన మనిషికి ఒక్క కోపం కూడా ఇవ్వలేకపోయారు.