నేల మొగ్గినా జేబు నిండదు

వానాకాలంలో హైదరాబాద్‌లోని మలక్‌పేట రేస్‌కోర్సులో చేయి తిరిగిన పందెంరాయుడు ముందుగా చూసేది గుర్రాన్ని కాదు, నేలను. రాత్రి కురిసిన వానకు ఎటువైపు మెత్తబడింది, లోపలి కంచె పక్కన పచ్చిక ఎంత నలిగింది, మొదటి రెండు రేసుల్లో జాకీలు గుర్రాలను ఎటు మళ్లించారు? ఆరో నిజాం మహబూబ్ అలీ ఖాన్ హయాంలో, 1886లో మౌలాలి నుంచి మలక్‌పేటకు తరలివచ్చిన గుర్రప్పందేల్లో ఈ లెక్కలూ ఒక భాగమే. ట్రాక్‌లో ఒక భాగం మరో భాగం కంటే వేగంగా ఉండడాన్ని, లేదా ముందుండి పరుగెత్తే గుర్రాలకే కలిసిరావడాన్ని ట్రాక్ బయాస్ అంటారు.

ఇదేమీ మూఢనమ్మకం కాదు. గుర్రాలన్నీ లోపలి కంచెను ఆనుకుని పరుగెత్తితే అక్కడి నేల గుల్లబారి వేగం తగ్గుతుంది. అయితే మలుపులో కథ వేరు. అర్ధవృత్తాకారపు మలుపులో కంచెకు మీటరు ఎడంగా వెళ్లే గుర్రం 3 మీటర్లకు పైగా అదనంగా పరుగెత్తాలి. అంటే గుర్రం నిడివి కంటే ఎక్కువే. తల తేడాతో ఫలితం తారుమారయ్యే ఆటలో అది చిన్న దూరం కాదు.

దీన్ని పసిగట్టడంలోనే చాలామంది బోల్తా పడతారు. ఫేవరెట్లు ముందుండి గెలిస్తే దానివల్ల తెలిసేదేమీ లేదు, అవి ఎలాగూ గెలవాల్సినవే. ఎవరూ లెక్కలోకి తీసుకోని గుర్రాలు వరుసగా ఒకే దారిలో వచ్చి గెలిస్తేనే అనుమానించాలి. అప్పుడూ తొందరపడకూడదు. రెండు వైపులా సమానంగా ఉన్న ట్రాక్‌పై కూడా నాలుగు రేసులూ ఒకే వైపు నుంచి గెలవడానికి ఎనిమిదింట ఒక వంతు అవకాశం ఉంటుంది. నాణెం ఎగరేసినా కనిపించే వింతే అది.

తెలివైన వాడు ఈ సమాచారాన్ని ఆ రోజు కంటే తర్వాతి రోజులకే ఎక్కువగా వాడుకుంటాడు. నెమ్మది నేల మీద పోరాడి నాలుగో స్థానంలో నిలిచిన గుర్రాన్ని గుర్తుపెట్టుకుంటాడు. కాగితం మీద అది ఓడిన గుర్రం కాబట్టి వచ్చే రేసులో దాని మీద గిట్టుబాటు ధర దొరకవచ్చు. ఆ రోజే అందరికీ కనిపించిన మొగ్గు వల్ల ఒరిగేది తక్కువ. టోట్‌లో అందరి డబ్బూ ఒకే గుర్రం మీద పడితే గెలిచినా పంచుకోవడానికి మిగిలేది స్వల్పమే. బుకీ కూడా కళ్లు మూసుకుని కూర్చోడు.

ఆపైన ఉన్నది పన్ను. గుర్రప్పందేలు నైపుణ్యంతో కూడిన ఆటేనని, జూదం కాదని సుప్రీంకోర్టు 1996లో కె.ఆర్. లక్ష్మణన్ కేసులో తేల్చింది. జీఎస్టీ మాత్రం వాటిని క్యాసినోల సరసనే కూర్చోబెట్టింది. అప్పటిదాకా 28 శాతంగా ఉన్న పన్ను 2025 సెప్టెంబరు 22 నుంచి 40 శాతానికి పెరిగింది. అదీ క్లబ్ కమీషన్‌పై కాదు, పందెం మొత్తంపైన.

లెక్క తేలికే. 100 రూపాయల పందేనికి 40 రూపాయల పన్ను పైన కట్టాల్సి వస్తే, గెలిస్తే 200 చేతికొచ్చే గుర్రం నూటికి 70 సార్లు గెలిస్తే తప్ప అసలు దక్కదు. పన్ను లేకుంటే 50 సార్లు చాలు. నేల మీద ఎంత పట్టున్న వాడైనా 50ని 55 చేయగలడేమో గానీ 70 చేయలేడు. పైగా గెలుపు సొమ్ముపై 30 శాతం ఆదాయపు పన్ను ఎలాగూ ఉంది.

నైపుణ్యం ఉన్న వాడికి, లేని వాడికి తేడా చెరిపేసే పన్ను ఇది. కోర్టు ఆటలో నైపుణ్యాన్ని గుర్తించింది, పందెంరాయుడు దాన్ని నేర్చుకున్నాడు. కానీ ఇద్దరి మాటా కౌంటర్ దగ్గర చెల్లడం లేదు. ట్రాక్ ఎటు మొగ్గినా, పందెం మాత్రం ఎప్పుడూ ఒకేవైపు మొగ్గుతోంది. అది పందెం కాసేవాడి వైపు కాదు.