పటమునందలి యెఱుపు ఎవరిది?

రాతిబొగ్గును, రాతినూనెను కాల్చి ప్రతిదేశము విడుచు బొగ్గుపులుసు వాయువును రంగులతో జూపు భూగోళపటములు నేడు విరివిగా వెలువడుచున్నవి. 2023లో లోకపు మొత్తము సుమారు 3,700 కోట్ల టన్నులు. చీనా, అమెరికాల వెనుక మూడవది మనదేశము. కావున మనకు ముదురెఱుపు. ఇది న్యాయమా? తలకు లెక్కించినచో మనకు సుమారు 2 టన్నులు, అమెరికావానికి 14. 1750 మొదలు పేరుకొన్నదానిలో ఇంచుమించు నాలుగవవంతు అమెరికాదే. ఈ పటము పాతబాకీ మఱచి నేటి పద్దు మాత్రమే చూపు చిట్టా.

ఇంతవఱకు మనవారెల్లరు చప్పట్లు గొట్టుదురు. కాని యీ సగటుచాటున దాగినవారెవరు? రామగుండమున బొగ్గు కాలును. పటముపై చుక్క అచ్చటనే పడును. ఆ విద్యుచ్ఛక్తి దక్షిణాది నగరముల చల్లని గదులకు బోవును. బూడిద మాత్రము అచ్చటివారిది. కట్టెపుల్లలతో వండుకొను కూలివాని పొయ్యి పొగ ఈ లెక్కకే రాదు, వాని తల మాత్రము వచ్చును. అందుచేతనే గదా మన సగటు 2 టన్నులైనది! పరదేశీయుల సభలలో వాని పేదఱికమును సాక్ష్యముగా బిలుచు మనము, ఇంట వానికేమి యిచ్చితిమి? దేశములకు రంగులు పూసినవారు ఇండ్లకును పూయుదురు గాక. కరెంటు బిల్లులు, పెట్రోలు చీట్లు, విమానపు టిక్కెట్లు మన సొరుగులలోనే యున్నవి. చదువరులు ముందుగా వానిని కూడి చూతురు గాక.