కొయ్యకాళ్ల మంట: విస్తరణ సందేశంలో ఒక లోటు

యాసంగి వరి కోతలు ముగియగానే హార్వెస్టరు వదిలిన కొయ్యకాళ్లకు, గడ్డికి నిప్పు పెట్టడం తెలుగు రాష్ట్రాలలో ఏటా కనిపించే దృశ్యమే. దీనిపై విస్తరణ సిబ్బంది ప్రధానంగా చెప్పేవి రెండు మాటలు: భూసారం నశిస్తుంది, గాలి కలుషితమవుతుంది. రెండూ నిజమే. అయితే తాము పెట్టిన మంటలోనే చిక్కుకొని రైతులు మరణించిన వార్తలు వేసవిలో వస్తున్నప్పటికీ, ఆ మంట ఎలా ప్రవర్తిస్తుందన్న పాఠం శిక్షణలో అరుదుగా వినిపిస్తుంది.

గాలి వాలు చూసుకొని నిప్పు పెడితే చాలునన్న నమ్మకం సగమే సరైనది. మంట తన గాలిని తానే పుట్టించుకుంటుంది. వేడెక్కిన వాయువు తేలికై పైకి లేస్తూ, చుట్టూ ఉన్న చల్లని గాలిని తనలోకి లాగుకుంటుంది. 1956లో మోర్టన్, టేలర్, టర్నర్ చేసిన ప్రతిపాదన ప్రకారం, పక్కల నుంచి చొరబడే గాలి వేగం ఆ ఎత్తులో పైకి లేచే వాయువు వేగంలో ఒక స్థిరమైన వంతు. అది సుమారు పదో వంతు. చూడడానికి ఇది స్వల్పమే. కానీ పొగస్తంభం పొడవునా ఈ చేరిక సాగుతూనే ఉంటుంది కనుక, గాలి స్తంభించిన వేళ చిన్న మంట పైన ఎత్తు రెట్టింపైతే అందులోని వాయుప్రవాహం మూడు రెట్లకు మించుతుంది. దహనానికి అవసరమైనది ఇందులో కొంత భాగమే. మిగిలినది పొగను పలుచన చేసి చల్లబరుస్తుంది. శీతాకాలపు ఉదయాన పొగ పైకి పోలేక ఊరి మీద పరచుకోవడానికి ఇదీ ఒక కారణం.

గాలి వచ్చే దారి మూసుకుపోయినప్పుడు ప్రమాదం పెరుగుతుంది. గట్టు మీద దట్టమైన పొదలో, గడ్డివామో ఉంటే ఆ వైపు నుంచి గాలి సరిగా అందదు; మంట అటే వాలుతుంది. పక్కపక్కనున్న రెండు మంటలు ఒకదాని గాలిని మరొకటి అడ్డగించి, ఒకదానివైపు మరొకటి వంగి కలిసిపోతాయి. పని త్వరగా ముగించాలని మడికి నాలుగు గట్ల నుంచీ నిప్పంటించడం అన్నిటికంటే ప్రమాదకరం. బయటి గాలి నలువైపుల నుంచీ లోనికి దూసుకుపోతుంది. మంటలు మధ్యకు వాలి, దగ్గరపడేకొద్దీ వేగం పుంజుకుంటాయి, ఒక్కొక్కసారి సుడి తిరుగుతాయి. పక్క పొలానికి పాకుతున్న నిప్పును పచ్చిమండతో ఆర్పబోయి రెండు మంటల నడుమకు వెళ్లిన వృద్ధ రైతుకు వెనుదిరిగే దారి ఉండదు.

ఇటువంటి బోధన తగులబెట్టడాన్ని సమర్థించినట్లవుతుందని కొందరి సందేహం. పురుగుమందులు తగ్గించమని చెబుతూనే, పిచికారీ వేళ చేతి తొడుగులు ధరించమని చెప్పడం లేదా? కుంపటి చుట్టూ నాలుగు అగరుబత్తులు నిలిపితే, వాటి పొగ నలువైపుల నుంచీ నిప్పు వైపు వంగడం రైతు కళ్లారా చూస్తాడు. కోతలకు ముందు జరిగే శిక్షణలో ఇందుకు పావుగంట చాలు.