దిగనివ్వని భయం

పాలకులకు భయం పుడితే పోలీసులు గేటు దగ్గర ఆగరు, విమానంలోకే వస్తారు. 1983 ఆగస్టు 21న మనీలాలో జరిగింది ఇదే. నియంత మార్కోస్ ఏడేళ్లకు పైగా జైల్లో పెట్టిన ప్రతిపక్ష నేత బెనిగ్నో అక్వినో, మూడేళ్ల ప్రవాసం తర్వాత తైపీ నుంచి స్వదేశంలో దిగారు. కాదు, దిగనివ్వలేదు. ప్రయాణికులు సీట్లలో ఉండగానే భద్రతా దళం విమానమెక్కి ఆయన్ని పట్టుకుపోయింది. వెంట వచ్చిన విలేఖరులను గుమ్మంలోనే అడ్డుకుంది. పక్క మెట్ల మీద నుంచి దించింది. క్షణాల్లో తుపాకులు పేలాయి. అక్వినో నేలకొరిగారు.

కమ్యూనిస్టు హంతకుడి పని అన్నది సర్కారు. ఆ నింద మోసిన రోలాండో గాల్మన్ కూడా అక్కడే శవమయ్యాడు. ఇక నోరు విప్పేదెవరు?

1984లో విచారణ బోర్డు సైనిక కుట్రేనని తేల్చింది. 1985లో కోర్టు నిందితులందర్నీ వదిలేసింది. జనం వదల్లేదు. 1986 ఫిబ్రవరిలో మార్కోస్ దేశం విడిచి పారిపోయాడు. పాత తీర్పు రద్దయింది. 1990లో 16 మంది సైనికులకు యావజ్జీవం పడింది.

చట్టబద్ధమైన అరెస్టుకు చాటెందుకు? మన సుప్రీంకోర్టు 1996లోనే డి.కె.బసు కేసులో స్పష్టంగా చెప్పింది. అరెస్టు చేసే పోలీసు పేరు, హోదా కనిపించాలి. మెమో మీద సాక్షి సంతకం ఉండాలి. విమానంలోనైనా, హాస్టల్ గదిలోనైనా, ఆఫీసులోనైనా ఇదే రూలు. విద్యార్థులారా, ఉద్యోగులారా! మీ కళ్లముందు ఎవర్ని పట్టుకుపోయినా పేరు అడగండి, మెమో అడగండి, సాక్షిగా నిలబడండి. నిర్బంధానికి కావలసింది చీకటి. దాన్ని మనమే ఇవ్వొద్దు.