గర్భిణికి ముక్కు దిబ్బడ వేస్తే

మొన్న స్త్రీల కూడిక ముగిశాక ఏడవ నెల గర్భవతియైన ఒక సహోదరి మా దగ్గరకు వచ్చింది. "అమ్మా, ముక్కు బిగుసుకుపోయి నెల రోజులుగా నిద్ర లేదు. మందుల షాపులో ఇచ్చిన చుక్కలు వేసుకుంటున్నాను. కాసేపు బాగుంటుంది, మళ్లీ మామూలే" అన్నది. ఈ బాధ చాలా ఇళ్లలో ఉన్నదే గనుక ఈ నెల దీనిని గూర్చి వ్రాస్తున్నాము.

గర్భకాలంలో జలుబు లేకుండానే ముక్కు దిబ్బడ వేయవచ్చును. హార్మోన్ల వలన, ఒంట్లో రక్తం పెరుగుట వలన ముక్కు లోపలి పొర ఉబ్బుతుంది. కాన్పయిన రెండు వారాలలో సాధారణంగా అదే తగ్గిపోతుంది.

అయితే దిబ్బడ విడిచే చుక్కలను కొద్ది రోజులకు మించి వాడితే, మందు బలం దిగగానే పొర మునుపటికంటే ఎక్కువగా ఉబ్బుతుంది. ఆ సహోదరికి జరిగింది ఇదే. జలుబు బిళ్లలు కూడా సొంతంగా కొని మింగరాదు. వాటిలో కొన్ని బి.పి.ని పెంచుతాయి. ఏ మందైనా డాక్టరు గారిని అడిగి, గర్భవతినని చెప్పి తీసుకోవాలి.

ఇంట్లో చేయదగినవి ఉన్నవి. పావు లీటరు నీటిని బాగా కాచి, చల్లార్చి, పావు టీస్పూను ఉప్పు కలిపి, రెండు మూడు చుక్కలు ముక్కులో వేసుకోవచ్చును. ఏ రోజు నీళ్లు ఆ రోజే చేసుకోవాలి. మంచం తలవైపు కోళ్ల క్రింద ఒక్కొక్క ఇటుక పెట్టండి. ఆవిరి పట్టేటప్పుడు గిన్నెను పొయ్యి మీద నుండి దించి, కదలని చోట పెట్టుకోవాలి. పసుపు కొమ్ము కాల్చి పొగ పీల్చవద్దు. పొగ ముక్కును ఇంకా రేపుతుంది.

జ్వరం, ఆయాసం, తీవ్రమైన తలనొప్పి, కళ్లు మసకబారుట, ముఖము వాచుట, బిడ్డ కదలిక తగ్గుట కనబడితే అది ఉత్త దిబ్బడ అనుకోక వెంటనే ఆసుపత్రికి వెళ్లండి. అవసరమైతే 108కి ఫోను చేయండి. రెండు వారాలు మించిన దగ్గుకు కళ్లె పరీక్ష చేయించాలి.

ఆ సహోదరి డాక్టరు గారి సలహాతో చుక్కలు మానింది. మొదటి నాలుగు రాత్రులు కష్టమైనది. ఆ రాత్రులు ఆమె అత్తగారే ప్రక్కన కూర్చుని వీపు నిమిరారట. ఇప్పుడు నిద్రపోతున్నది. అత్తలారా, భర్తలారా, "కడుపుతో ఉన్నవాళ్లకు ఇవన్నీ మామూలే" అని త్రోసివేయక, ఆమె పాలి పొయ్యి పొగను కొన్నాళ్లు మీరు పంచుకొనండి.