మామగారి ఫియట్ కారు

అమీర్‌పేటనుండి యొక సోదరి వ్రాసిన జాబు ఈ మాసమున మాకు చేరినది. ఆమె భర్తగారు ప్రభుత్వోద్యోగమునుండి యిటీవలనే విరమించిరి. తెలంగాణమున విరమణ వయస్సును 2021లో 58 నుండి 61 ఏండ్లకు పెంచుటచే వారికి మూడేండ్ల కొలువు అదనముగ దక్కినది. ఆ మూడేండ్లును ఆయన ఒక్క సంగతినే తలపోయుచుండిరట. పంజాగుట్టలో తండ్రిగారు కట్టించిన యింటి వెనుక, రేకుల పాకలో, 1969లో కొనిన ఫియట్ 1100 డిలైట్ కారొకటి ఇరువదియేండ్లకు పైగా కదలక పడియున్నది. అన్నదమ్ములు ఆ యింటిని అపార్టుమెంటు కట్టువానికి అప్పగించిరి. రెండు మాసములలో దానిని కూల్చుదురు. ఆలోపల కారును తరలింపవలెను. లేదా పాత ఇనుము కొనువానికి తూకమున కిచ్చివేయవలెను. భర్తగారు దానిని బాగుచేసి మరల రోడ్డెక్కింతునని పట్టుబట్టిరి. గ్రాట్యుటీ సొమ్ములో కొంత అందులకు తీసెదనని చెప్పిరి. “వద్దన్నచో ఆయన మనసు విఱుగును. సరే యన్నచో మా వృద్ధాప్యపు సొమ్ము కఱగును. నేనేమి చేయుదును?” అని ఆ సోదరి యడుగుచున్నది.

ఇది ఆమె యొక్కతె ప్రశ్న కాదు. ఉద్యోగము ముగిసిన మగవారికి తొలి నెల విశ్రాంతి. రెండవ నెల వంటయింటి డబ్బాలను వరుస మార్చుట. మూడవ నెలనుండి ఇల్లాలికి శిరోభారము. చేతికి పనిపెట్టు కోరిక పుట్టుట మంచిదే. అమెరికా దేశమున ఈ కోరికకు ‘మజిల్ కార్’ అను పేరే యున్నది. 1964లో పోంటియాక్ జీటీఓ అను బండితో మొదలై ఆ దశకమంతయు పేరుపొందిన ఆ కార్లను విరమించిన పెద్దలు షెడ్డులో విప్పి, కూర్చి, రంగువేసి మురియుదురు. ఆ జీటీఓ ఇంజను ఆఱున్నర లీటర్లకు కొంచెము తక్కువ. మన మామగారి ఫియట్ ఇంజను 1089 సీసీ, అనగా దానిలో ఇంచుమించు ఆఱవ వంతు. కండబలము మాట అటుంచుడు. ఆకాలమున ఒక కారు చేతికి వచ్చుటయే బలము. డబ్బు కట్టి, పేరు వ్రాయించుకొని, ఏండ్ల తరబడి కాచుకొనినగాని బొంబాయి కుర్లాలోని ప్రీమియర్ కర్మాగారమునుండి బండి దిగివచ్చెడిది కాదు. అట్టి బండిని తండ్రి చేతినుండి చూచిన కుమారునకు దానిని తూకమున కమ్ముట యెంత కష్టమో మనము గ్రహింపవలెను. గ్రహించిన పిమ్మట లెక్కకు దిగవలెను.

మొదటి లెక్క కాగితములది. కారు నమోదు మామగారి పేరనే యున్నట్లు జాబులో కలదు. వారు వీలునామా వ్రాయక గతించిరి. అట్లయినచో 1956 నాటి హిందూ వారసత్వపు చట్టము ననుసరించి కుమారులతోబాటు కుమార్తెలకును, భార్య యున్నచో ఆమెకును, అందు సమాన భాగము కలదు. “మఱది గారు సమ్మతించిరి” అని సోదరి వ్రాసినది గాని, ఆడపడుచు సమ్మతిని గూర్చి యొక్క మాటయు లేదు. ఇంటి విషయమున ఆమె సంతకము తీసికొనియే యుందురు. కారు విషయమున మఱచి యుందురు. తుప్పు పట్టిన కారునకు భాగమేమి యని నవ్వరాదు. బండి తళతళలాడి నిలిచిన నాడు ఆ మాట మఱొకవిధముగ వినబడును. కావున వారసులందఱును సమ్మతిపత్రము వ్రాసి యిచ్చిన తరువాత నమోదు భర్తగారి పేరికి మార్పింపవలెను. ఆ పని కాకమునుపు ఒక్క బోల్టు నైనను విప్పరాదు. ఒకవేళ తుదకు తూకమునకే యిచ్చివేసినను, బండి నాశమైనదని పదునాలుగు దినములలో రవాణా కార్యాలయమునకు తెలుపవలెనని మోటారు వాహనముల చట్టము చెప్పుచున్నది.

రెండవది తుప్పు. మగవారు బోనెట్టు తెఱచి ఇంజనును చూచి మురియుదురు. చూడవలసినది కాళ్లక్రింది రేకును. ఈ ఫియట్ బండికి లారీకి వలె ప్రత్యేకమైన చట్రము లేదు; రేకుల కూర్పే దాని యెముకల గూడు. తలుపుల క్రింది గడపరేకు, చాపల క్రింది నేల, డిక్కీ అడుగు, బ్యాటరీ పెట్టు పళ్లెము, ఈ చోట్ల రేకు తినిపోయినచో బండి నడుము విఱిగినట్లే. పరీక్షకు నిపుణు డక్కఱలేదు. పిల్లలాడుకొను చిన్న అయస్కాంతమొకటి గుడ్డలో చుట్టి బండి యొడలంతయు ఆనించుచు పోవుడు. రేకున్నచోట పట్టును, లప్పముతో పూడ్చి రంగు వేసినచోట పట్టదు. పిదప చాపలెత్తి స్క్రూడ్రైవరు పిడితో నేలను తట్టుడు. గట్టి రేకు ఖంగున మ్రోగును, చివికిన రేకు అప్పడమువలె పలుకును. ఇంజను చెడినచో సరిచేయవచ్చును. ప్రీమియర్ పద్మిని పేరుతో ఆ జాతి బండ్లు 2000వ సంవత్సర ప్రాంతము వఱకు తయారగుటచేతను, బొంబాయి టాక్సీలుగా 2023 వఱకు తిరుగుటచేతను, ఇంజను భాగములు నేటికిని వెదకిన దొరకును. మన నగరమున రాణీగంజి దుకాణములలోను, పుత్లీబౌలి పాత సామాను అంగళ్లలోను ఓపికతో తిరుగవలెను. కాని చివికిన గడపరేకులను మరల కోసి, వంచి, అతికించు టింకరింగు పనివారు తగ్గిపోవుచున్నారు. ఉన్నవారి కూలి తగ్గుటలేదు. అయస్కాంతము పట్టని చోట్లు పట్టుచోట్లకంటె ఎక్కువైనచో, కారు ముందర భర్తగారి నిలువబెట్టి ఫొటో తీయించి, బండిని సాగనంపుటయే మా సలహా.

రేకు బాగున్నచో తరలించుట. పంజాగుట్ట నుండి అమీర్‌పేటకు దూరమెంత, మెట్రో రైలులో ఒక్క మజిలీ, త్రాడు కట్టి లాగుకొని వత్తమని మఱదిగారు చెప్పిరట. వలదు. ఇరువదియేండ్లు నిలిచిన బండికి బ్రేకులు లేవనియే తలపవలెను. చక్రపు డ్రమ్ములలోని రబ్బరు గిన్నెలు ఎండి పగిలియుండును. మెట్రో స్తంభముల నడుమ, బస్సుల వెనుక, బ్రేకు లేని బండిని త్రాటితో లాగుట యెవరి యాయువుతో ఆడుట? బల్లపరుపు లారీపై నెక్కించి తీసికొని రావలెను. దాని కిరాయి మొదటి ఖర్చుగా పద్దున వ్రాయవలెను.

అమీర్‌పేటలో నుంచుట కెక్కడ చోటు? ఒకప్పుడు ఈ పేటలో వాకిలి, వేపచెట్టు, పోర్టికో గల యిండ్లుండెడివి. ఇప్పుడు శిక్షణాలయములును, హాస్టళ్లును, అపార్టుమెంట్లును. ఒక ఫ్లాటునకు ఒక కారు చోటు. విప్పిన బండి రెండేండ్లు ఆ చోటున పడియుండును. తలుపులొకచోట, సీట్లొకచోట, బంపర్లు పడకగదిలో మంచము క్రింద. గ్రైండరు చప్పుడునకు ఎదురింటి పరీక్షల పిల్ల యేడ్చును. అపార్టుమెంటు సంఘమువారి అనుమతిని ముందుగా వ్రాతమూలకముగ తీసికొనుడు. పని వేళలుకూడ అందులోనే వ్రాయించుడు.

ఇక అసలు మాట. ఈ కారు బాగయిన తరువాత దేనికి? సోదరి తన జాబులో “బల్కంపేట ఎల్లమ్మగుడికి అందులో పోవచ్చునని ఆయన ఆశపెట్టిరి” అని వ్రాసినది. ఇక్కడ జాగ్రత్త వలయును. 50 ఏండ్లు దాటి, మూలరూపముననే యుండి, ఇంజను, బాడీ మొదలగువానిలో పెద్ద మార్పు చేయని బండ్లకు 2021లో కేంద్రప్రభుత్వము ‘వింటేజ్’ నమోదు ఏర్పఱచినది. క్రొత్తగ నమోదుకు రుసుము 20,000 రూపాయలు. పది యేండ్లు చెల్లును. మరల చేయించుటకు 5,000 రూపాయలు. నంబరు పలకపై ‘వీఏ’ అను అక్షరములుండును. వినుటకు గౌరవముగ నున్నది. కాని ఆ నమోదు గల బండి ప్రదర్శనమునకు, పాత కార్ల ఊరేగింపునకు, పెట్రోలునకు, మరమ్మతునకు మాత్రమే రోడ్డుపైకి రావచ్చును. నిత్యపు తిరుగుడునకు రారాదు. ఎల్లమ్మగుడికి పోవుట ఆ పట్టికలో లేదు. చౌమహల్లా ప్రాసాదమున నైజాము ప్రభువుల పసుపుపచ్చ రోల్స్ రాయిస్ యున్నది. 1911లో గతించిన మహబూబ్ అలీ పాషాగారు కోరి చేయించినది. ఆయన కనులతో చూడనేలేదు. ఉత్సవములకే గాని సంతకు పోయిన బండి కాదది. మన మామగారి ఫియట్‌ను అట్టి బొమ్మగ చేయుదుమా, లేక వాడుకొను బండిగ నిలుపుదుమా? వాడుకొనదలచినచో మామూలు నమోదునే పునరుద్ధరింపవలెను. 15 ఏండ్లు దాటిన బండిని ఐదేసి యేండ్ల కొకసారి అధికారులు పరీక్షింతురు. ఆలస్యమునకు జరిమానా గలదు. ఇటీవలి సంవత్సరములలో ఈ రుసుములను బాగుగ పెంచిరి. ఏ దారియైనను రంగు వేయకముందే నిశ్చయింపవలెను. వింటేజ్ దారి పట్టదలచినవారు సుఖము కొఱకని వేఱు ఇంజను పెట్టించినచో ఆ హక్కు చేజాఱవచ్చును.

సొమ్మును గూర్చి మేము కఠినముగనే చెప్పుదుము. గ్రాట్యుటీ యనునది ఒకరి కొలువునకు వచ్చిన సొమ్మేగాని ఒకరి కష్టమునకు కాదు. ముప్పదియేండ్లు ఉదయమున క్యారేజి కట్టిన చేయి అందు భాగస్వామియే. మొదట ఇద్దఱి వైద్యమునకును, ఇంటి అప్పునకును, సంవత్సరపు ఖర్చునకును తీసి వేఱు ఖాతాలో వేయవలెను. పంజాగుట్టలో నిమ్సు ఆసుపత్రి నడక దూరమున నున్నదని వైద్యపు ఖర్చుకూడ నడక దూరముననే యుండునని తలపరాదు. మిగిలినదానిలో కారునకింత యని హద్దు పెట్టి, అంతే సొమ్ము ఇల్లాలి పేర, ఆమె కోరిన పనికి, అదే దినమున వేఱు పెట్టవలెను. కాశీయాత్రయో, సంగీతపు చదువో, ఏమియు చేయక దాచుకొనుటయో అది ఆమె యిష్టము. పాత బండి పనిలో ప్రతి మెకానికును చెప్పిన దానికంటె తుది పద్దు హెచ్చుగ వచ్చును. హద్దులో సగము సొమ్ము పోవునప్పటికి బండి తన బలముతో కదలవలెను. కదలనిచో ఆగి మరల మాటలాడుకొనవలెను.

ప్రాణాపాయములు కొన్ని కలవు. జాకీ యొక్కదాని మీద నెత్తిన బండి క్రిందికి ఎవ్వరును దూఱరాదు. గట్టి స్టాండులు పెట్టవలెను, ఇంట మఱొక మనిషి యుండవలెను. పాత బ్రేకు పట్టీలలో ఆస్బెస్టాసు ఉండును. ఆ ధూళిని గాలితో ఊదరాదు, తడిపి తుడువవలెను. పాత రంగులో సీసము ఉండవచ్చును గనుక పొడిగ గీఱరాదు, మనుమలను దరికి రానీయరాదు. ఖాళీ యని తలచి పెట్రోలు ట్యాంకునకు వెల్డింగు పెట్టించుట ప్రేలుడే. ఇంకొకటి: 2025 నాటికి మన బంకులలోని పెట్రోలునందు నూటికి 20 పాళ్ల ఇథనాలు కలుపుచున్నారు. అది పాత రబ్బరు గొట్టములను మెత్తబఱచును, తేమను పీల్చును. కావున ఇంధనపు గొట్టములన్నిటిని దానికి తాళు రకముతో మార్పించియే పెట్రోలు పోయవలెను. ఇంజను బిగిసియున్నచో వెంటనే బ్యాటరీ పెట్టి త్రిప్పరాదు. స్పార్క్ ప్లగ్గులు తీసి, రంధ్రములలో కొంచెము నూనె వేసి, కొన్ని దినములు నాననిచ్చి, చేతితో మెల్లగ త్రిప్పిచూడవలెను.

“ఈ నట్లు, బోల్టుల పనిలో నాకేమి తెలియును?” అని జాబు చివర సోదరి యన్నది. బెర్తా బెంజ్ అను జర్మను గృహిణి కథను ఆమెకు చెప్పవలెను. మోటారు కారును నిర్మించిన కార్ల్ బెంజ్ ఆమె భర్త. పెండ్లికి ముందే తనకు రావలసిన కట్నపు సొమ్మును తీసి ఆయన కర్మాగారమునకు పెట్టినది. 1888 ఆగస్టులో, భర్తకు చెప్పకయే, ఇద్దఱు కొడుకులను వెంటబెట్టుకొని మన్‌హైమునుండి ఫోర్జ్‌హైమునకు ఆ బండిని నడపినది. నూఱు కిలోమీటర్లకు పైబడిన దూరము. ఇంధనపు గొట్టము మూసికొనిపోగా టోపీసూదితో పొడిచి తీసినది. ఇంధనముగ దారిలో మందుల దుకాణమున ద్రావకము కొనినది. బ్రేకులు అరుగగా చెప్పులు కుట్టువానిచే తోలు కొట్టించినది. ఇంతకును పోయినది ఎక్కడికి? పుట్టింటికి. మోటారు కారు చేసిన తొలి దూరప్రయాణము పుట్టింటి ప్రయాణ మగుట మనకు వింత కాదు.

సూది పట్టిన చేతికి పానా కష్టము కాదు. విప్పిన ప్రతి భాగమును విప్పకముందే ఫొటో తీయుట, నట్లను బోల్టులను ఖాళీ పచ్చడి సీసాలలో వేసి చీటీ అంటించుట, పద్దు వ్రాయుట, ఇవి ఇల్లాలి చేతిలో నున్నచో బండి మరల కూడును. లేనిచో గోనెసంచిలో మిగిలిపోవును. అయితే షెడ్డులోని నలుగురికి గంటకొకమాఱు కాఫీ మోయుట ఈ పట్టికలో చేరదు. ఫ్లాస్కు ఒకటి ఉదయమున నింపి యిచ్చిన చాలును. బండి నడచిన నాటికి ఆమెయు నడుపుట నేర్చియుండవలెను. ఈ ఫియట్‌నకు గేరు కఱ్ఱ నేలపై గాక స్టీరింగు ప్రక్కన నుండును. నేటి బండ్లపై నేర్చినవారికి అలవాటగుటకు కొన్ని దినములు పట్టును, అంతే.