ఎర్రకుళ్ళులో ఏ తెగ?

జబ్బు చెరకు గడను నిలువునా చీలిస్తే లోపలి కండ ఎర్రబారి, ఆ ఎరుపు మధ్య అడ్డంగా తెల్లటి మచ్చలు కనిపిస్తాయి. పులిసిన వాసన వేస్తుంది. ఎర్రకుళ్ళు అని రైతు అక్కడికక్కడే చెప్పేస్తాడు. ఏ తెగ ఎర్రకుళ్ళు అన్నది మాత్రం అలా చూసి చెప్పలేం. ఆ రెండో ప్రశ్న అడిగేవాళ్ళు తక్కువ. నా భయమంతా అదే.

కొలెటోట్రైకమ్ ఫాల్కేటమ్ అనే ఈ శిలీంధ్రం మనకు కొత్తది కాదు. గోదావరి డెల్టా చెరకులో దీన్ని 1901లోనే శాస్త్రవేత్త బార్బర్ నమోదు చేశాడు. తర్వాత రకాలు మార్చాం, అదీ మారింది. కో 419 లొంగిపోయింది. పంచదార శాతంలో మేటి అనిపించుకున్న కోసీ 671 కూడా కోస్తాలో నిలవలేదు. 2009లో విడుదలైన కో 0238 ఉత్తరప్రదేశ్ చెరకులో సగానికి పైగా పరుచుకుంది. విడుదలకు ముందు ఈ శిలీంధ్రంలోని సీఎఫ్ 08, సీఎఫ్ 09 అనే తెగలతో పరీక్షిస్తే ఓ మోస్తరుగా తట్టుకుంది. ఆ పరీక్షలో లేని సీఎఫ్ 13 వచ్చి దాన్ని పడగొట్టింది. ‘తట్టుకునే రకం’ అని ఎవరైనా అంటే, ఏ తెగనో అడగాలి.

తెగను తేల్చడం నెలల పని. జబ్బు గడ నుంచి శిలీంధ్రాన్ని వేరుచేసి పెంచుతారు. కో 419, కోసీ 671, కోజే 64, బరాగువా లాంటి నిర్ణీత రకాల్లో, ఏడు నెలల గడ కణుపుల మధ్య రంధ్రం చేసి సిద్ధబీజాల ద్రవం పోసి మూసేస్తారు. 60 రోజులకు చీల్చి ఎరుపు ఎన్ని కణుపులు దాటింది, తెల్లమచ్చ ఎంత వెడల్పు, మొవ్వు ఎండిందా అని చూసి 9 వరకు మార్కులు వేస్తారు. ఏ రకాలు పడ్డాయి, ఏవి నిలిచాయి అన్నదాన్ని బట్టి తెగ తేలుతుంది.

పాలేరు నీళ్ళు, రాజేశ్వరపురం మిల్లు ఉన్న నేలకొండపల్లి మండలానికి ఈ తెగల గొడవ దూరపు సంగతి కాదు. బయటి జిల్లాల నుంచి ముచ్చెలు లారీలో వస్తే వాటితోపాటు అక్కడి తెగ కూడా రావచ్చు. పైకి పచ్చగా ఉన్న గడ కణుపులో శిలీంధ్రం నిద్రాణంగా ఉండగలదు. ముచ్చెలను కార్బెండజిమ్ నీళ్ళలో ముంచినా లోతుగా చేరినదానికి మందు సరిగా అందదు. నాటాక పారే నీరు దాన్ని పక్క చేలకు మోస్తుంది, కార్శి తోట మరుసటి ఏడాదికి దాచిపెడుతుంది.

అందుకే జబ్బు దుబ్బులు పీకి తగలబెట్టేముందు రెండు మూడు గడలు కోసి, కాగితంలో చుట్టి, అనకాపల్లికో రుద్రూరు పరిశోధన స్థానానికో పంపండి. రకం పేరుతోపాటు ముచ్చెలు ఏ ఊరివో తప్పక రాయండి. అది లేకపోతే తెగ తేలినా, ఎక్కడి నుంచి వచ్చిందో తెలియదు.